వాహన వరుసల నడుమ ద్విచక్ర గమనం: తిరుపతి, చిత్తూరు ప్రాంతాలు

నిర్వచనం

రద్దీ వల్ల ఆగిపోయిన, లేదా మనిషి నడక వేగానికి తగ్గిపోయిన వాహనాల వరుసల మధ్య మిగిలే సందులోంచి మోటారు సైకిలు, స్కూటరు, మోపెడ్ వంటి ద్విచక్ర వాహనాన్ని నెమ్మదిగా ముందుకు నడపడాన్ని వరుసల నడుమ గమనం అంటారు. రవాణా ఇంజనీర్లు, పలు దేశాల చట్టాలు దీన్ని లేన్ ఫిల్టరింగ్ అని వ్యవహరిస్తాయి. వాహనాలు కదులుతుండగానే వాటి మధ్య గీత వెంబడి దాటుకుపోవడం లేన్ స్ప్లిటింగ్. ఈ రెండింటికీ వేగం, ప్రమాద స్వభావం వేరు కావడంతో వాటిని విడిగానే పరిగణించాలి. దక్షిణ రాయలసీమ వాడుకలో మొదటిది సందులో దూరిపోవడం. రెండోదాని మితిమీరిన రూపం కట్లు కొట్టడం. రోడ్డు అంచున మట్టిబాటలో పోవడం, కాలిబాట ఎక్కడం, ఎదురు వాహనాల భాగంలోకి దిగి రాంగ్ రూటులో సాగడం ఈ నిర్వచనంలోకి రావు. అయితే వీధిలో ఇవన్నీ ఒకే ప్రయాణంలో ఒకదాని వెంట ఒకటి జరుగుతుండటం వల్ల ప్రజలూ, అప్పుడప్పుడు పోలీసులూ వాటన్నిటినీ ఒకే తప్పుగా చూడటం కద్దు.

ప్రాంతం, రహదారుల స్వరూపం

2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్వ్యవస్థీకరణతో పూర్వపు చిత్తూరు జిల్లా నుంచి తిరుపతి జిల్లా విడివడినా, రెండు పట్టణాల రాకపోకలు ఒకదానితో ఒకటి ముడిపడే ఉన్నాయి. తిరుపతి యాత్రికుల పట్టణం. బస్టాండు, రైల్వే స్టేషను, శ్రీనివాసం, విష్ణునివాసం వంటి వసతి సముదాయాలు, కపిలతీర్థం రోడ్డు, అలిపిరి ఒకే ధారలో ఉండటంతో స్థానికుల స్కూటర్లు, యాత్రికుల కార్లు, ఆర్టీసీ బస్సులు, జీపులు, ఆటోలు ఒకే రోడ్డును పంచుకుంటాయి. తమిళనాడు, కర్ణాటకల నుంచి వచ్చే డ్రైవర్లలో చాలామందికి ఊరి దారులు తెలియవు. కూడలి దగ్గరకు వచ్చాక దారి అడగడానికి ఆగడం, చివరి క్షణంలో మలుపు తీసుకోవడం ఇక్కడ మామూలు. వరుసల నడుమ వచ్చే ద్విచక్ర వాహనదారుడికి ఊహకందని కదలికలు ఎక్కువగా ఈ వాహనాల నుంచే ఎదురవుతాయి.

తిరుచానూరు వైపు నుంచి కపిలతీర్థం వైపు దాదాపు 7 కిలోమీటర్ల పొడవున గరుడ వారధి పేరుతో మొదలై, శ్రీనివాస సేతు పేరుతో 2023 సెప్టెంబరులో పూర్తిగా ప్రారంభమైన వంతెన, ఊరి కూడళ్లతో పనిలేని యాత్రిక వాహనాలు వాటి పైనుంచి సాగిపోయేందుకు ఉద్దేశించినది. దాని కింది రోడ్డు మాత్రం స్తంభాలతో రెండుగా చీలి, ఆటోలకూ స్కూటర్లకూ పాదచారులకూ మిగిలింది. స్తంభాల చాటు నుంచి రోడ్డు దాటే మనిషి చివరి అడుగు వరకు కనిపించకపోవడం ఇక్కడి ప్రత్యేక ఇబ్బంది.

చిత్తూరు సమస్య మరో రకం. బెంగళూరు–చెన్నై రాకపోకల దారిలో ఉన్న ఈ పట్టణంలో పాత బజారు వీధులు ఇరుకైనవి. లేన్ గీతలు లేని అలాంటి చోట్ల వరుస అన్నదే వాహనదారుల మధ్య కుదిరే తాత్కాలిక ఒప్పందం. జూన్, జూలై నెలల్లో తోతాపురి మామిడి కోత మొదలైతే బంగారుపాళెం, గుడిపాల ప్రాంతాల్లోని పల్ప్ ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు, లారీలు రోడ్డు అంచున బారులు తీరతాయి. ధర పడిపోయిన 2025 సీజన్‌లో రైతులు రోజుల తరబడి ఆ వరుసల్లోనే వేచి ఉండాల్సి వచ్చింది. ఆగి ఉన్న ట్రాక్టరు బారుకూ, పక్కనే జాతీయ రహదారి వేగంతో పోయే వాహనాలకూ మధ్య సాగే ప్రయాణం పట్టణంలోని వరుసల నడుమ గమనంలా పైకి కనిపించినా, దానికంటే ఎన్నో రెట్లు అపాయకరం. ఒకవైపు వేగం సున్నా, మరోవైపు వేగం గంటకు 80 కిలోమీటర్లు కావచ్చు.

చరిత్ర

ఇరవయ్యో శతాబ్దం నడుమ వరకు ఈ వీధుల్లో సందులు వెతికినవి సైకిళ్లే. 1980లో వచ్చిన టీవీఎస్ 50 మోపెడ్, 1980ల మధ్య నుంచి జపాను సంస్థల భాగస్వామ్యంతో వెలువడిన 100 సీసీ మోటారు సైకిళ్లు, ఆ తర్వాత గేర్లు లేని స్కూటర్లు ద్విచక్ర వాహనాన్ని మధ్యతరగతికీ, పాలవాళ్లకూ, కూరగాయల వ్యాపారులకూ అందుబాటులోకి తెచ్చాయి. రోడ్ల వెడల్పు ఆ పెరుగుదలను అందుకోలేదు. ఈ విధంగా వరుసల నడుమ గమనాన్ని ఎవరూ ప్రవేశపెట్టలేదు, ఎవరూ అనుమతించలేదు. సైకిలు తొక్కేవాడి అలవాటు ఇంజను బండికి బదిలీ అయింది. సత్యవేడు మండలం మాదనపాళెంలో 2018లో శంకుస్థాపన జరిగిన హీరో మోటోకార్ప్ కర్మాగారంతో ఈ ప్రాంతం ద్విచక్ర వాహనాలను తయారుచేసే చోటుగానూ మారింది.

తిరుమల కనుమ రోడ్లది వేరే చరిత్ర. 1944లో తెరిచిన మొదటి ఘాట్ రోడ్డును ఇప్పుడు దిగేందుకు, తర్వాత వేసిన రెండోదాన్ని ఎక్కేందుకు వాడుతుండటంతో ఎదురు వాహనాల బెడద తప్పింది. అయినా మలుపుల్లో ఆర్టీసీ సప్తగిరి బస్సు వెనుక భాగం లోపలి అంచుకు జరుగుతుంది కాబట్టి, అక్కడ బస్సుకూ కొండకూ మధ్య సందు ఉన్నట్టు కనిపించి మూసుకుపోతుంది. తిరుమల తిరుపతి దేవస్థానం ఎక్కడానికి 28 నిమిషాలు, దిగడానికి 40 నిమిషాలు కనీస కాలంగా నిర్ణయించింది. బ్రహ్మోత్సవాల్లో గరుడసేవ సమయానికి ఘాట్ రోడ్లపై ద్విచక్ర వాహనాలను పూర్తిగా నిలిపివేయడం ఆనవాయితీ.

పని తీరు

లేన్ క్రమశిక్షణ ఉన్న దేశాల్లో రద్దీని లెక్కగట్టే సూత్రాలు ఒక లేన్‌లో ఒక వాహనం వెనుక మరొకటి ఉంటుందని అనుకుంటాయి. భారతీయ వీధికి ఆ సూత్రం సరిపోదు. ఇక్కడి మిశ్రమ రద్దీలో చిన్న వాహనాలు పెద్ద వాటి నడుమనుంచి, రాళ్ల మధ్య ఇసుక జారినట్టు, ముందుకు చేరతాయి. రవాణా పరిశోధకులు దీన్ని సీపేజ్ అంటారు. వాహనాలను కారుతో పోల్చి కొలిచే ప్రమాణమైన ప్యాసింజర్ కార్ యూనిట్ ప్రకారం, పట్టణ రోడ్లకు ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1990లో ఇచ్చిన మార్గదర్శకంలో ద్విచక్ర వాహనం విలువ మొత్తం రద్దీలో దాని వాటాను బట్టి 0.5 గానో 0.75 గానో ఉంటుంది. కూడలిలో ఎర్రదీపం వెలగగానే బళ్లు సందుల్లోంచి వచ్చి ఆపు గీత దగ్గర గుంపుగా నిలుస్తాయి. పచ్చదీపం పడగానే ఆ గుంపు కార్లకంటే ముందే, కొద్ది క్షణాల్లో కూడలిని దాటేస్తుంది. సిగ్నల్ సామర్థ్యానికి ఇది మేలే. కానీ గుంపు ఆపు గీతను మించి జీబ్రా గీతల మీదికి పాకితే ఆ మేలు పాదచారి చోటును మింగి వచ్చినదవుతుంది.

ఇదే ప్రవర్తన రైల్వే గేటు దగ్గర తిరగబడుతుంది. తిరుపతి–పాకాల–చిత్తూరు–కాట్పాడి మార్గం వంటి చోట్ల గేటు పడినప్పుడు బళ్లు తమ సగాన్ని నింపి, ఆగక, ఎదుటివారి సగంలోకీ విస్తరిస్తాయి. అటువైపూ అదే జరుగుతుంది. గేటు లేచాక రెండు గుంపులు పట్టాల మీద ముఖాముఖి నిలుస్తాయి. దీన్ని వరుసల నడుమ గమనం అనలేం. వరుస అంచు ఎక్కడ ముగుస్తుందో పట్టించుకోకపోవడం దీనికి మూలం.

సందు కొలతలు

పట్టణ రోడ్లలో లేన్ వెడల్పు సాధారణంగా 3.5 మీటర్లు. సుమారు 1.7 మీటర్ల వెడల్పున్న రెండు కార్లు పక్కపక్క లేన్లలో సరిగా మధ్యన ఆగితే వాటి నడుమ 1.8 మీటర్ల సందు ఉంటుంది. అద్దాలకు పోగా ఒకటిన్నర మీటర్లకు దగ్గర. 0.7 నుంచి 0.8 మీటర్ల వెడల్పున్న మామూలు బండికి ఇది చాలు. అదే చోట 2.6 మీటర్ల వెడల్పున్న రెండు బస్సులు నిలిస్తే సందు 0.9 మీటరే, అద్దాలకు పోగా ఇంకా తక్కువ. హ్యాండిల్ పట్టినా మోచేతికి చోటుండదు. చిత్తూరు పల్లెల నుంచి తెల్లవారుజామున వచ్చే పాల బండి సంగతి మరీ వేరు. వెనుక ఇరువైపులా వేలాడే పాలక్యాన్లతో దాని వెడల్పు మీటరు దాటుతుంది, పైగా ఆ వెడల్పు నడిపేవాడి కంటికి కనిపించని వెనుక భాగంలో ఉంటుంది. హ్యాండిల్ పట్టిన సందులో క్యాన్ తగులుకుంటే బండి తగిలిన వైపుకు గిర్రున తిరుగుతుంది. కాబట్టి సందును హ్యాండిల్‌తో కాక బండిలో అన్నిటికంటే వెడల్పయిన భాగంతో కొలవాలన్నది ప్రాథమిక సూత్రం.

వేగానికీ ఇలాంటి లెక్క ఉంది. ప్రమాదాన్ని గుర్తించి బ్రేకు నొక్కడానికి ఒక సెకను పడుతుందని, పొడి రోడ్డు మీద వేగం సెకనుకు 5 మీటర్ల చొప్పున తగ్గుతుందని అనుకుంటే, గంటకు 15 కిలోమీటర్ల వేగంలో ఉన్న బండి ఆగడానికి సుమారు 6 మీటర్లు, 30 కిలోమీటర్లలో 15 మీటర్లు, 45 కిలోమీటర్లలో 28 మీటర్లు కావాలి. ఆగిన రెండు బస్సుల నడుమ నుంచి అడుగు బయటపెట్టే మనిషికీ సందులో వచ్చే బండికీ మధ్య ఉండే దూరం తరచుగా 6 మీటర్లు కూడా ఉండదు.

ప్రమాద రూపాలు

తలుపు తెరుచుకోవడం వీటిలో తరచుగా చెప్పుకునేది. యాత్రికులు దిగే చోట్ల కారు ఆగకముందే వెనుక తలుపు తెరుచుకుంటుంది. ఆటోలో తలుపే ఉండదు కాబట్టి కాలో, సంచో ముందుగా బయటికి వస్తుంది. రెండోది, వరుసలో ఒక్కసారిగా ఏర్పడే ఖాళీ. కారు డ్రైవరు ఎవరికో దారి ఇవ్వడానికి ఆగి ముందు చోటు వదిలితే, ఆ చోటులోంచి అడ్డంగా వచ్చే స్కూటరుగానీ పాదచారిగానీ సందులో వచ్చే బండిని చూడరు. మూడోది లేన్ మారడం: వరుస నత్తనడక నడుస్తున్నప్పుడు పక్క వరుస కదిలిందని గమనించిన డ్రైవరు వెంటనే అటు తిప్పుతాడు. అందుకే వరుసలు రెండూ ఆగి ఉన్నప్పటికంటే ఒకటి ఆగి ఒకటి కదిలేటప్పుడే అపాయం హెచ్చు.

బస్సును విడిగా చెప్పుకోవాలి. డ్రైవరు కుడివైపు కూర్చుంటాడు కనుక బస్సు ఎడమ ముందు మూల అతనికి సరిగా కనిపించదు. తలుపులు కూడా ఎడమవైపే. బస్సుకూ కాలిబాటకూ మధ్య దూరిన బండి దిగే ప్రయాణికుల మీదికి పోతుంది, లేదా కండక్టరు రైట్ రైట్ అనగానే కదిలిన బస్సుకూ అంచురాయికీ నడుమ నలుగుతుంది. తిరుమల మార్గంలో 2022 నుంచి నడుస్తున్న విద్యుత్ బస్సులు ఇంజను చప్పుడుతో తమ కదలికను ముందుగా తెలపవన్నది కొత్తగా చేరిన అంశం.

ఈశాన్య రుతుపవనాల కాలంలో, ముఖ్యంగా అక్టోబరు నుంచి డిసెంబరు వరకు, తడిసిన జీబ్రా గీతలు, లేన్ గీతలు, మ్యాన్‌హోల్ మూతలు జారుతాయి. సందు సరిగ్గా ఆ గీత మీదుగానే పోతుంది కాబట్టి ఇరుకు చోట బ్రేకు వేసే పరిస్థితి రాకుండా చూసుకోవాల్సింది ఈ నెలల్లోనే.

సురక్షిత పద్ధతి

శిక్షణ గ్రంథాలు ఎక్కువగా కలిసే చోటు రెండు అంకెలు: సొంత వేగం, పక్క వాహనాలతో వేగ తేడా. వరుసలు ఆగి ఉన్నప్పుడు గంటకు 15 నుంచి 20 కిలోమీటర్లు మించకపోవడం, కదులుతున్నప్పుడు తేడాను అంతకంటే పెంచకపోవడం, వరుసలు మామూలు వేగం అందుకోగానే ఏదో ఒక వాహనం వెనుక చోటు చూసుకుని లేన్‌లో కలిసిపోవడం ఇందులో భాగం. కలిసిపోవడమే కష్టమైన ఘట్టం; దానికి చోటు ఎక్కడుందో సందులోకి దిగకముందే చూసుకోవాలి.

చూపు కారు మీద కాక దాని ముందు చక్రం మీద ఉండాలి, ఎందుకంటే కారు పక్కకు జరిగే ముందు తిరిగేది చక్రమే. వెనుక సీటులో తల కదలడం, దీపాలు ఆరడం, ఆటో వెనుక నుంచి చేయి బయటికి రావడం తలుపు తెరుచుకోబోతోందని తెలిపే గుర్తులు. గేరు బండి అయితే మొదటి గేరులో ఉంచి, క్లచ్‌ను సగం పట్టి, వెనుక బ్రేకు మీద కాలు ఆనించి నడిపితే బండి కుదుపు లేకుండా నిదానంగా సాగుతుంది. ముందు బ్రేకును హ్యాండిల్ తిరిగి ఉండగా గట్టిగా నొక్కితే బండి పడిపోతుంది. గేరులేని స్కూటరులో ఈ సౌలభ్యం తక్కువ, యాక్సిలరేటర్ వదలగానే వేగం పడిపోయి కాలు నేల మీద పెట్టాల్సి వస్తుంది. వెనుక మనిషి, అందునా ఒకవైపు కాళ్లు వేసి కూర్చున్నవారు ఉంటే, వారి మోకాళ్లు హ్యాండిల్‌ను దాటి బయటికి వచ్చే సందర్భం ఉంటుంది. అప్పుడు సందు వదులుకోవడమే పద్ధతి.

పెద్ద వాహనం పక్కన ఎంతసేపు ఉండాల్సి వచ్చినా దాని ముందు బంపరు కింద ఆగకూడదు. ఎత్తయిన లారీ క్యాబిన్‌లో కూర్చున్న డ్రైవరుకు అక్కడున్న స్కూటరు కనిపించదు. హారను విషయంలో స్థానిక అలవాటును కొంత సమర్థించవచ్చు: పొడవైన మోతతో దారి అడగడం నిష్ప్రయోజనమైనా, ఒక చిన్న మోత ఎడమ అద్దం చూడని డ్రైవరుకు ఉనికిని తెలుపుతుంది. 2017 ఏప్రిల్ నుంచి తయారైన ద్విచక్ర వాహనాల్లో ముందు దీపం ఇంజనుతో పాటే వెలుగుతుండటం, 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ పైబడిన వాటికి చక్రం బిగుసుకోకుండా చూసే ఏబీఎస్, మిగతావాటికి రెండు చక్రాలనూ కలిపి ఆపే సీబీఎస్ బ్రేకులు తప్పనిసరి కావడం ఈ విషయంలో యంత్రం వైపు నుంచి వచ్చిన సాయం. బండి సన్నబడుతుందని అద్దాలు ఊడదీసే అలవాటు మాత్రం ఉన్న సాయాన్ని కాలదన్నుకోవడమే.

చట్టస్థితి

భారత చట్టంలో వరుసల నడుమ గమనాన్ని పేరుపెట్టి అనుమతించే నిబంధన లేదు. మోటారు వాహనాల చట్టం, 1988లోని 118వ సెక్షను కింద ముందు 1989 నియమాలు, వాటి స్థానంలో 2017 జూన్‌లో మోటారు వాహనాల (డ్రైవింగ్) నిబంధనలు వెలువడ్డాయి. గీతలున్న రోడ్డులో వాహనం తన లేన్‌లోనే సాగాలని, లేన్ మారేముందు సంకేతం ఇవ్వాలని, ముందున్న వాహనాన్ని సాధారణంగా కుడివైపు నుంచే దాటాలని వీటి సారాంశం. ఆ నిబంధనల ఉల్లంఘనకు 2019 సవరణతో చేర్చిన 177ఎ సెక్షను 500 నుంచి 1,000 రూపాయల జరిమానాను నిర్దేశించింది. ప్రమాదకర డ్రైవింగుకు సంబంధించిన 184వ సెక్షనులో చట్టవిరుద్ధంగా దాటడం, ఎదురు దిశలో నడపడం, ఎర్రదీపం దాటడం చేరాయి. హెల్మెట్ లేకపోతే 194డి సెక్షను కింద 1,000 రూపాయలు, మూడు నెలల లైసెన్సు అనర్హత. 128వ సెక్షను ప్రకారం వెనుక ఒక్కరే కూర్చోవాలి. ఆగిన కార్ల మధ్య 10 కిలోమీటర్ల వేగంతో వచ్చినవాడినీ, కదిలే లారీల మధ్య 60తో వచ్చినవాడినీ ఈ నిబంధనలు ఒకే పదజాలంతో చూస్తాయి, తేడా అంతా అధికారి విచక్షణకే మిగులుతుంది. అంబులెన్సుకు దారి ఇవ్వనివారికి 194ఇ కింద 10,000 రూపాయల జరిమానా ఉండగా, అంబులెన్సు వెనుక ఏర్పడే ఖాళీలో బళ్లు వెంటపడటం ఈ ప్రాంతంలో కనిపించే మరో దృశ్యం.

ఇతర దేశాల అనుభవం

బ్రిటన్ హైవే కోడ్ నెమ్మదైన రద్దీలో ఫిల్టరింగ్‌ను గుర్తించి, వేగం తక్కువగా ఉంచి జాగ్రత్తపడమంటుంది. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ 2014 జూలై నుంచి గంటకు 30 కిలోమీటర్ల పరిమితితో, పూర్తి లైసెన్సు ఉన్నవారికి మాత్రమే అనుమతించింది. కాలిబాట అంచునుంచి పోకూడదని, పాఠశాల వేళల్లో ఆ మండలాల్లో చేయకూడదని షరతులు పెట్టింది. అమెరికాలో కాలిఫోర్నియా 2016లో చేసిన చట్టంతో లేన్ స్ప్లిటింగ్‌ను నిర్వచించగా, యూటా 2019లో ఆగి ఉన్న వాహనాల మధ్య గంటకు 15 మైళ్ల లోపు వేగానికే పరిమితం చేసింది. ఫ్రాన్సు 2016లో కొన్ని ప్రాంతాల్లో ప్రయోగం మొదలుపెట్టి 2025 జనవరిలో దాన్ని చట్టంలో చేర్చుకుంది.

పరిశోధన, వాదభేదాలు

ఎక్కువగా ఉటంకించేది బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2015లో ప్రకటించిన అధ్యయనం. ప్రమాదాలకు గురైన 5,969 మంది ద్విచక్ర వాహనదారుల్లో 997 మంది ఆ సమయంలో లేన్ స్ప్లిటింగ్ చేస్తున్నారు; వారిలో తల గాయాలు 9 శాతం కాగా మిగతావారిలో 17 శాతం, మరణాలు 1.2 శాతం కాగా మిగతావారిలో 3 శాతం. రద్దీ వేగం గంటకు 50 మైళ్ల లోపు, వేగ తేడా 15 మైళ్ల లోపు ఉన్నప్పుడు గాయాల తీవ్రత పెరగలేదని వారు తేల్చారు. అనుకూలుర ప్రధాన వాదన ఒకటే: వరుస చివర ఆగిన బండిని వెనుకనుంచి వచ్చే వాహనం గుద్దే ముప్పు సందులోకి వెళ్తే తప్పుతుంది. ఈ వాదన చిత్తూరు జిల్లా హైవేలకు బాగా వర్తిస్తుంది, తిరుపతి ఊరి వీధులకు అంతగా కాదు.

కాలిఫోర్నియా లెక్కను యథాతథంగా ఇక్కడికి తేవడానికి వీలులేదు. ఆ అధ్యయనం ప్రమాదం జరిగాక గాయాల తీవ్రతను చూసింది, ప్రమాదం జరిగే అవకాశాన్ని కాదు. పైగా అక్కడి ఫ్రీవేలో పాదచారి, ఆటో, ఎద్దుబండి, రాంగ్ రూటు ఉండవు. భారతదేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల్లో మరణించిన 1,68,491 మందిలో 44.5 శాతం ద్విచక్ర వాహనాల మీద ఉన్నవారే, కానీ జాతీయ లెక్కల్లో సందులో వెళ్తూ జరిగినవి అన్న విడి పద్దు లేదు. విమర్శకులు పాదచారుల ఇబ్బందిని, అద్దాలు విరగడాన్ని, తగాదాలను ఎత్తిచూపుతారు.

రహదారి రూపకల్పన, నిర్వహణ

ద్విచక్ర వాహనాలు విస్తారంగా ఉన్న ఆసియా దేశాలు నిషేధం కంటే చోటు కేటాయింపు వైపు మొగ్గాయి. మలేషియా ఫెడరల్ హైవేలో 1970ల నుంచి వాటికి విడి దారి ఉంది. తైవాన్, ఇండోనేషియాల్లో కూడళ్ల దగ్గర ఆపు గీతకూ జీబ్రా గీతకూ మధ్య ద్విచక్ర వాహనాలు నిలిచే పెట్టెలు గీశారు. అలాంటి పెట్టె పనిచేయాలంటే అక్కడికి చేరే సందు కూడా గుర్తించి ఉండాలి, లేకపోతే ఆటో వచ్చి ఆ చోటు నింపుతుంది. తిరుపతిలో దీనికి ముందుగా తీరాల్సిన సమస్య ఎడమ అంచు: ఆటోలు ఎక్కించుకోవడానికి ఆగే చోట్లను విడిగా కేటాయించి, బస్టాపును కూడలికి దూరంగా జరిపితే వరుసలు సూటిగా నిలిచి సందు ఊహించదగినదవుతుంది. వేసవిలో కొన్ని ఆంధ్ర పట్టణాల సిగ్నళ్ల వద్ద వేసే ఆకుపచ్చ నీడ వలల ప్రభావాన్నీ ఇక్కడే చేర్చాలి. 40 డిగ్రీలు దాటే ఎండలో హెల్మెట్ పెట్టుకున్నవారు ఆపు గీతను కాక నీడను చూసి ఆగుతారు. వల ఆపు గీతకు వెనుకగా పడేలా కడితే జీబ్రా గీతలు ఖాళీగా ఉంటాయి, ముందుకు జరిపి కడితే బళ్లన్నీ వాటి మీదికే చేరతాయి.